విత్తనాల పొట్లం మీద పేరు

శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరంగా, ద్రాక్షతోటల మధ్య శాంటా రోసా అనే ఊరుంది. 2011 సెప్టెంబర్‌లో ఆ ఊరి ఎగ్జిబిషన్ మైదానంలో ఒక కొత్త సంత మొదలైంది. దాని పేరు నేషనల్ ఎయిర్‌లూమ్ ఎక్స్‌పొజిషన్. మొదలుపెట్టింది మిసోరీ రాష్ట్రంలోని బేకర్ క్రీక్ అనే విత్తనాల కంపెనీ. ఆ కంపెనీ 1998లో మొదటి కేటలాగు వేసేనాటికి దాన్ని పెట్టిన జెరె గెటిల్ ఇంకా ఇరవై ఏళ్ళు కూడా నిండని కుర్రాడు. ఏటా సెప్టెంబర్‌లో అక్కడే జరుగుతూ వచ్చిన ఈ సంత, కోవిడ్ తరవాత దక్షిణాన వెంచురాకి మారింది. నేను చూసింది శాంటా రోసాలో జరిగిన రోజుల్లోనే.

లోపలికి వెళ్ళగానే కనపడేది గుమ్మడికాయల గుట్ట. మనిషి ఎత్తుకు మించి పేర్చి ఉంటుంది. బూడిదరంగువి, నీలివి, నారింజవి, ఒంటినిండా పులిపిర్లున్నవి, తలపాగా చుట్టినట్టున్నవి. చుట్టూ బల్లల మీద పళ్ళాల్లో టమాటాలు, వంకాయలు, మిరపకాయలు, చిక్కుళ్ళు, పుచ్చకాయలు. ప్రతి పళ్ళెం ముందూ ఒక చీటీ. మన కూరగాయల బజార్లో చీటీ ఉంటే దాని మీద ధర ఉంటుంది. ఇక్కడ చీటీల మీద మనుషులున్నారు. రూబీ అత్త జర్మన్ పచ్చ టమాటా. ఆట్ తాత పూలతీగ. తాకట్టు విడిపించే టమాటా. చెరొకీల కన్నీటి దారి చిక్కుడు. కాయలు చూస్తూ తిరిగేవాళ్ళ కంటే చీటీలు చదువుతూ ఆగిపోయేవాళ్ళే ఎక్కువ కనిపించారు.

ఆ చీటీలు చదువుతుంటే ఒక ప్రశ్న పుట్టింది. కూరగాయకి మనిషి పేరు ఎలా వస్తుంది? మనకీ వేల ఏళ్ళ వ్యవసాయం ఉంది, వంకాయలోనే లెక్కలేనన్ని రకాలున్నాయి. ఫలానా సుబ్బమ్మ వంకాయ అని ఒక్కటీ మనం ఎందుకు వినలేదు?

*

ముందు వాళ్ళ పేర్ల సంగతి చూద్దాం.

'మార్ట్‌గేజ్ లిఫ్టర్' అనే టమాటా ఉంది. మార్ట్‌గేజ్ అంటే ఇంటి తాకట్టు అప్పు. వెస్ట్ వర్జీనియాలోని లోగన్ అనే ఊళ్ళో చార్లీ బైల్స్ అనే మెకానిక్ ఉండేవాడు. కొండదారిలో లారీల రేడియేటర్లు వేడెక్కి ఆగిపోతే బాగుచేసేవాడు కాబట్టి అతన్ని రేడియేటర్ చార్లీ అనేవారు. చదువు లేదు, మొక్కల శాస్త్రం తెలీదు. నాలుగైదు రకాల పెద్దకాయ టమాటాలు తెచ్చి, ఏళ్ళ తరబడి ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అద్దుతూ, మంచివి ఎంచుకుంటూ, తనకి నచ్చిన కాయ తెప్పించాడు. 1940ల్లో ఆ నారు మొక్క ఒక్కోటి ఒక్క డాలరుకి అమ్మాడు. అది ఆ రోజుల్లో తక్కువ డబ్బేమీ కాదు. ఆరేళ్ళలో ఇంటి మీదున్న 6,000 డాలర్ల అప్పు తీరిపోయిందని అతనే చెప్పుకున్నాడు. అప్పు తీర్చిన కాయకి ఆ పేరే నిలిచింది.

'చెరొకీ ట్రెయిల్ ఆఫ్ టియర్స్' చిక్కుడుది ఇంకో రకం చరిత్ర. 1838-39లో అమెరికా ప్రభుత్వం చెరొకీ జాతి వాళ్ళని ఆగ్నేయ ప్రాంతపు సొంత నేలల నుంచి సైన్యాన్ని పెట్టి వెళ్ళగొట్టి, ఇప్పటి ఓక్లహోమాకి తరిమింది. చలిలో, ఆకలితో, జబ్బులతో ఆ దారిలోనూ శిబిరాల్లోనూ సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. ఆ నడకలో కొందరు మూటల్లో దాచుకున్న గింజలే ఈ చిక్కుడని వాళ్ళ కుటుంబాల్లో చెప్పుకుంటారు. గింజ నల్లగా నిగనిగలాడుతుంది. చెరొకీ సంతతివాడైన జాన్ వైచ్ అనే ఓక్లహోమా దంతవైద్యుడు 1977లో దాన్ని విత్తనాలు దాచే ఒక సంఘానికి ఇచ్చాడు. అప్పటిదాకా కొన్ని ఇళ్ళ పెరళ్ళలో ఉన్న గింజ, ఆ తరవాత దేశమంతా పాకింది.

ఆ సంఘం పేరు సీడ్ సేవర్స్ ఎక్స్‌చేంజ్. అది పుట్టింది కూడా ఒక పంపకంలోనే. డయాన్ ఆట్ వీలీ అనే అమ్మాయికి ఆయొవాలో ఉన్న వాళ్ళ తాత రెండు రకాల విత్తనాలిచ్చాడు. ఒకటి గులాబిరంగు టమాటా, ఇంకోటి ఊదారంగు పూలతీగ. 19వ శతాబ్దిలో ఆయన పెద్దవాళ్ళు జర్మనీలోని బవేరియా నుంచి తెచ్చుకున్నవి. కొద్దికాలానికే తాత చనిపోయాడు. ఆ గింజలు తను వెయ్యకపోతే అవి కూడా తాతతో పోయినట్టేనని ఆమెకి అర్థమైంది. 1975లో భర్త కెంట్ వీలీతో కలిసి ఉత్తరాల ద్వారా విత్తనాలు ఇచ్చిపుచ్చుకునే చిన్న జాబితా ఒకటి మొదలుపెట్టింది. ఇప్పుడు ఆయొవాలోని డెకోరా దగ్గర ఆ సంఘానికి పెద్ద పొలమే ఉంది.

'ఎయిర్‌లూమ్' అంటే ఇంటి పెద్దల నుంచి వారసత్వంగా వచ్చే వస్తువు. నగో, గడియారమో, ఇత్తడి బిందో. ఆ మాటని మసాచుసెట్స్‌కి చెందిన జాన్ విథీ తన చిక్కుడుగింజల కేటలాగు మీద వాడాడు. వెయ్యికి పైగా చిక్కుడు రకాలు పోగుచేసిన మనిషి ఆయన. 1981లో కెంట్ వీలీ ఆయన అనుమతి అడిగి మరీ ఆ మాటని తీసుకుని వాడుకలోకి తెచ్చాడు. మన 'నాటు' అన్న మాటకీ దీనికీ తేడా ఉంది. నాటు అంటే ఈ నేలది అని. ఎయిర్‌లూమ్ అంటే ఈ ఇంటిది అని. రెండో మాట వలస వచ్చినవాళ్ళకే బాగా అతుకుతుంది. నేల వెనకనే ఉండిపోయింది, ఇంట్లోవాళ్ళు మటుకు వెంట వచ్చారు.

*

ఇలా పోగుచేయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్ళాలి.

అమెరికాలో విత్తనాలు పంచడం ఒకప్పుడు ప్రభుత్వపు పని. 1839లో పేటెంట్ ఆఫీసుకి అందుకోసం 1,000 డాలర్లు కేటాయించారు. తరవాత వ్యవసాయశాఖ వచ్చింది. కాంగ్రెస్ సభ్యులు తమ నియోజకవర్గాల్లోని రైతులకి విత్తనాల పొట్లాలు పోస్టులో ఉచితంగా పంపేవాళ్ళు. రైతులు వాటిని వేసి, బాగున్నవాటి గింజలు దాచుకుని, పొరుగువాళ్ళకి ఇచ్చేవారు. విత్తనాల వ్యాపారులకి ఇది గిట్టలేదు. 1883లో వాళ్ళు సంఘంగా ఏర్పడి ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 1924లో ఉచిత పంపిణీ ఆగిపోయింది.

అదే కాలంలో హైబ్రిడ్ మొక్కజొన్న వచ్చింది. ఒక రకాన్ని తరాల పాటు దానితో దాన్నే పరాగసంపర్కం చేయించి శుద్ధమైన వరస తయారుచేస్తారు. అలాంటివి రెండు వరసల్ని కలిపితే పుట్టే మొదటి తరం ఏపుగా, ఒకే తీరుగా పెరుగుతుంది. దిగుబడి నిజంగానే ఎక్కువ. అయితే ఆ పంట గింజలు దాచి వేస్తే రెండో తరం చెదిరిపోతుంది. ఒకటి తాత పోలిక, ఒకటి ముత్తవ్వ పోలిక. అందుకని ఏటా కొత్త విత్తనం కొనుక్కోవాలి. మొక్కజొన్న తరవాత కూరగాయల వంతు వచ్చింది. 1949లో బర్పీ కంపెనీ 'బిగ్ బాయ్' అనే హైబ్రిడ్ టమాటా తెచ్చింది. దాచుకునే అవసరం పోయాక దాచుకునే అలవాటు కూడా పోయింది.

దీనివల్ల ఎంత పోయింది? ఇలాంటి సంతల్లో తరచూ వినిపించే లెక్క ఒకటుంది. 1983లో ఒక సంస్థ, 1903 నాటి కేటలాగుల్లో ఉన్న రకాల్లో ఎన్ని ప్రభుత్వ విత్తన భాండాగారంలో మిగిలాయో చూసింది. క్యాబేజీలో 544 రకాలకి 28, టమాటాలో 408కి 79. మొత్తం మీద నూటికి 93 వంతులు పోయాయని తేల్చింది. ఈ లెక్క చాలా ప్రచారం పొందింది. కానీ 2009లో జార్జియా యూనివర్సిటీకి చెందిన పాల్ హీల్డ్, సుసానా చాప్‌మన్ ఇంకోలా లెక్కపెట్టారు. కేటలాగుని భాండాగారంతో కాదు, కేటలాగుతోనే పోల్చాలన్నారు. 48 పంటల్లో 1903లో 7,262 రకాలు దొరికితే, 2004లో దొరికేవి సుమారు 7,100. అంటే సంఖ్య దాదాపు తగ్గలేదు. అయితే ఆ పాత 7,262లో 2004 నాటికి మిగిలి ఉన్నవి 430 మాత్రమే. మిగతావన్నీ తరవాత చేరినవి. కొన్ని కొత్తగా పుట్టినవి, కొన్ని విదేశాల నుంచి వచ్చినవి, కొన్ని విత్తనాలు దాచేవాళ్ళ పుణ్యమా అని పెరళ్ళలోంచి బయటికొచ్చినవి.

నాకు ఈ రెండో లెక్కే ఎక్కువ విషయం చెబుతున్నట్టు అనిపిస్తుంది. విత్తనాలు ఒక నిలవ సరుకు కాదు. పాతవి పోతుంటాయి, కొత్తవి వస్తుంటాయి. రేడియేటర్ చార్లీ టమాటా 1903 కేటలాగులో ఎక్కడుంటుంది? అప్పటికది పుట్టనేలేదు. ఒక రకం నిలబడిందంటే ఎవరో ఒకరు ప్రతి ఏడూ మర్చిపోకుండా వేశారని అర్థం. తాళపత్రం పాడైపోకముందే ఇంకో ఆకు మీద తిరిగి రాసినట్టు.

*

ఈ సంత శాంటా రోసాలో జరగడంలో ఒక తమాషా ఉంది. పాత రకాల పండగ జరిగిన ఈ ఊరే, కొత్త రకాలు పుట్టించడంలో అమెరికాలోకెల్లా పేరు మోసిన మనిషి సొంత ఊరు.

లూథర్ బర్బాంక్ పేరు మనలో చాలామంది చిన్నప్పుడే విని ఉంటారు, మొక్కల వల్ల కాదు, పరమహంస యోగానంద 'ఒక యోగి ఆత్మకథ' వల్ల. 1946లో వచ్చిన ఆ పుస్తకం అంకితమైంది ఈయనకే. అందులో శాంటా రోసా తోట మీద ఒక అధ్యాయం కూడా ఉంది.

బర్బాంక్ 1849లో మసాచుసెట్స్‌లో పుట్టాడు. బంగాళదుంప మొక్కకి కాయ కాయడం అరుదు. ఒకసారి తన తోటలో ఒక మొక్కకి కాసిన కాయలోంచి 23 గింజలు తీసి నాటాడు. వాటిలో ఒకటి అద్భుతంగా ఊరింది. దాని హక్కుల్ని ఒక విత్తనాల వ్యాపారికి 150 డాలర్లకి అమ్మి, 1875లో శాంటా రోసా చేరాడు. ఆ దుంప నుంచి వచ్చిన గరుకుతోలు రకమే రసెట్ బర్బాంక్. ఇవాళ అమెరికాలో ఫ్రెంచ్ ఫ్రైస్ తింటే చాలావరకు దాన్నే తింటున్నట్టు. తరవాతి యాభై ఏళ్ళలో శాంటా రోసా రేగు, శాస్తా డెయిజీ, ముళ్ళులేని నాగజెముడు, ఇలా 800కి పైగా రకాలు తయారుచేశాడని చెబుతారు.

ఎలా చేశాడో మటుకు సరిగ్గా రాసిపెట్టలేదు. 1905లో కార్నెగీ సంస్థ ఆయనకి ఏటా 10,000 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుని, ఆయన పద్ధతులు నమోదు చెయ్యడానికి జార్జ్ షల్ అనే శాస్త్రవేత్తని పంపింది. షల్‌కి దొరికిన కాగితాలు అంతంతమాత్రం. కొన్నేళ్ళకి సంస్థ డబ్బు ఆపేసింది. ఈ షల్ 1908లో మొక్కజొన్న మీద రాసిన పత్రమే తరవాత హైబ్రిడ్ విత్తనాలకి పునాది. చేత్తో, కంటితో, జ్ఞాపకంతో చేసే పాత పనీ, కాగితం మీద అంకెలతో చేసే కొత్త పనీ అలా ఒకే తోటలో కొన్నాళ్ళు పక్కపక్కన నడిచాయి.

మొక్క మీద పేటెంటు లేకపోవడం బర్బాంక్‌కి జీవితమంతా ఉన్న బాధ. ఆయన 1926లో చనిపోయాడు. నాలుగేళ్ళ తరవాత, 1930లో, మొక్కల పేటెంట్ చట్టం వచ్చింది. చనిపోయాక ఆయన పేర 16 పేటెంట్లు ఇచ్చారు. దుంపల్ని మాత్రం ఆ చట్టం మినహాయించింది కాబట్టి ఆయనకి పేరు తెచ్చిన బంగాళదుంపకి ఎలాగూ వచ్చేది కాదు. గింజతో పెరిగే మొక్కలకి రక్షణ 1970లో ఇంకో చట్టంతో వచ్చింది. ఆయన పుట్టించిన రకాల్లో చాలావాటికి ఇప్పుడు పేరే మిగిలింది, మొక్క లేదు.

*

ఇప్పుడు మన కాయల దగ్గరికి వద్దాం. ఆ బల్లల మీద మనవాళ్ళకి కొత్తగా అనిపించేవి నిజానికి తక్కువే. టమాటా, మిరప, బంగాళదుంప, తియ్యగుమ్మడి, ఇవన్నీ పుట్టింది అమెరికా ఖండాల్లో. పోర్చుగీసు ఓడల కాలంలోనూ ఆ తరవాతా మన దగ్గరికి వచ్చాయి. మిరియం లాగా మండుతుంది కాబట్టి మిరప అయిందంటారు. టమాటాని పాతకాలంలో రామములగ అన్నారు. దూరం నుంచి వచ్చిన వాటికి 'సీమ' చేర్చారు. సీమచింత, సీమవంకాయ. ఆ సీమవంకాయనే కొందరు బెంగుళూరు వంకాయ అంటారు. బెండ ఆఫ్రికాది. బానిసల ఓడల్లో అమెరికా చేరింది. ఓక్రా అన్న మాట పశ్చిమ ఆఫ్రికాలోని ఇగ్బో భాష నుంచి వచ్చింది. వంకాయ మాత్రం మన వైపు నుంచి బయల్దేరింది. మన చిక్కుడు ఇక్కడ పూలమొక్క. ఊదాకాయల రకాన్ని థామస్ జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లోలో పందిరికి అల్లిస్తారు, విత్తనాలు అమ్ముతారు. కొనుక్కెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది పూలూ కాయలూ చూసి ఆనందిస్తారు తప్ప కూర వండుకోరు.

గమనించండి, పైన మన పేర్లలో ఊరో దేశమో కనిపించేవన్నీ బయటి నుంచి వచ్చినవే. ఇంట్లో ఉన్నవాటికి అలాంటి పేర్లు చాలావరకు లేవు. గుత్తివంకాయ, నీటివంకాయ, ముళ్ళవంకాయ, తెల్లవంకాయ, పొడుగువంకాయ. నేతిబీర, పొట్టిబీర. కాయ ఎలా ఉంటుందో, కూరలో ఎలా ఉంటుందో చెప్పే పేర్లే. మామిడికి బంగినపల్లి అని ఊరి పేరుందంటే అది అంటు కట్టి ఊళ్ళు దాటి అమ్ముడుపోయిన చెట్టు కాబట్టి.

పెరటి విత్తనం అలా ఊళ్ళు దాటేది కాదు. ఒక సొరకాయని కొయ్యకుండా తీగకే వదిలేస్తే ఎండి లోపల గింజలు గలగలలాడేవి. బీరకాయ పీచుతో సహా దూలానికి వేలాడేది. గుమ్మడిగింజల్ని పేడముద్దలో పొదిగి గోడకి కొట్టేవారు. మృగశిర కార్తె రాగానే "వదినా, నాలుగు చిక్కుడు గింజలుంటే ఇవ్వవూ" అని గోడ మీంచి అడిగేవారు. ఆ చిక్కుడు ఎవరిదో, ఎప్పుడు కాస్తుందో, ఎలా ఉంటుందో అడిగేవాళ్ళకి ముందే తెలుసు. నిరుడు ఆ పందిరి కింద నిలబడి కోసుకెళ్ళినవాళ్ళే కదా. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నప్పుడు పొట్లం మీద పేరు రాయాల్సిన పని లేదు.

పేరు అవసరమయ్యేది దూరం వచ్చినప్పుడు. బవేరియా నుంచి ఆయొవాకి, జార్జియా నుంచి ఓక్లహోమాకి. పోస్టులో విత్తనాలు పంపుకునే కొత్తవాళ్ళ మధ్య. నా ప్రశ్నకి దొరికిన జవాబు ఇదే. అమెరికాలో కూరగాయకి మనిషి పేరు రావడానికి కారణం వాళ్ళకి చరిత్ర మీద ఎక్కువ ప్రేమ ఉండటం కాదు. ఎక్కువ దూరాలు వెళ్ళడం.

*

గోడ మీంచి ఇచ్చిపుచ్చుకునే ఆ పద్ధతి పూర్తిగా పోయిందా అంటే, లేదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో ఏటా సంక్రాంతికి ఒక జాతర బయల్దేరుతుంది. పేరు పాత పంటల జాతర. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని మహిళా సంఘాలు దాన్ని నడుపుతాయి. ఆ మహిళల్లో ఎక్కువమంది దళితులు, చిన్న కమతాల రైతులు. ఎడ్లబండ్లని అలంకరించి, వాటి మీద జొన్న, కొర్ర, సామ, తైదలు, కంది, పెసర, అనుము, కుసుమ, ఇలా రకరకాల విత్తనాలు పెట్టుకుని, డప్పులతో, పాటలతో సుమారు నెల రోజులు ఊరూరా తిరుగుతారు. ప్రతి ఊళ్ళో ఆగి పంటల గురించి మాట్లాడుకుంటారు. ఇళ్ళలో విత్తనాల్ని బూడిదతో, వేపాకుతో కలిపి మట్టితో అలికిన బుట్టల్లో దాస్తారు. సంఘం దగ్గర విత్తనం తీసుకున్నవాళ్ళు పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ తిరిగిస్తారు. ఈ సంఘాలకి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

శాంటా రోసాలో టికెట్టు కొనుక్కుని మనం విత్తనం దగ్గరికి వెళ్తాం. జహీరాబాద్‌లో విత్తనమే బండెక్కి మనుషుల దగ్గరికి వస్తుంది. అక్కడ చీటీ చదవాలి, ఇక్కడ బుట్ట పక్కనున్న అవ్వని అడగాలి. ఏ నేలలో వెయ్యాలి, ఏ కార్తెలో వెయ్యాలి, దేని పక్కన దేన్ని వెయ్యాలి, అన్నీ ఆమెకి తెలుసు. అడిగేవాళ్ళు ఉన్నంతకాలం ఆ జ్ఞానానికి ఢోకా లేదు.

చట్టం విషయంలో కూడా మన దారి కొంచెం వేరు. 2001లో మన పార్లమెంటు చేసిన మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం, రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, తిరిగి వెయ్యొచ్చు, పంచుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు అని స్పష్టంగా చెప్పింది. 2019లో తమ బంగాళదుంప రకాన్ని అనుమతి లేకుండా పండించారని పెప్సీకో కంపెనీ గుజరాత్ రైతుల మీద కేసులు పెట్టినప్పుడు అందరూ చూపించింది ఈ చట్టాన్నే. కంపెనీ ఆ కేసులు వెనక్కి తీసుకుంది. వంకాయ విషయంలోనూ ఇలాగే పెద్ద చర్చ జరిగింది. బీటీ వంకాయ మీద హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో జనం అభిప్రాయాలు విన్నాక, 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణమంత్రి జైరాం రమేశ్ దాన్ని నిలిపివేశారు. వంకాయ పుట్టినిల్లు మనది, ఇక్కడున్న రకాలకి ఏమవుతుందన్నది ఆ చర్చలో ముఖ్యమైన ప్రశ్న. 2001 చట్టం రైతుల రకాల్ని రైతుల పేరనే నమోదు చేసుకునే వీలు కూడా ఇచ్చింది. నమోదు చెయ్యాలంటే ముందుగా దానికొక పేరుండాలి.

*

ఇక మన సంగతి. ఊరు వదిలి వచ్చిన తెలుగువాళ్ళ పెరళ్ళు డాలస్‌లో, ఎడిసన్‌లో, ఫ్రీమాంట్‌లో చూస్తే సొరపాదు, బీరపాదు, దోసపాదు, గోంగూర మడి కనిపిస్తాయి. ఎండాకాలం చివర గుడి దగ్గరో, పుట్టినరోజు పార్టీలోనో కవర్లు చేతులు మారతాయి. కవరు మీద ఏముంటుంది? మహా అయితే 'బీర' అని. చాలాసార్లు అదీ ఉండదు. గోడ మీంచి ఇచ్చే అలవాటునే మనం సముద్రం దాటాక కూడా కొనసాగిస్తున్నాం. కానీ ఇక్కడ గోడ లేదు. నాలుగు చేతులు మారాక ఆ బీర కోనసీమదో, కర్నూలుదో చెప్పేవాళ్ళుండరు.

ఊరి నుంచి మళ్ళీ తెచ్చుకుందామంటే అదీ తేలిక కాదు. అమెరికాలోకి విత్తనాలు తేవాలంటే వ్యవసాయశాఖ అనుమతో, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమో ఉండాలి. లేకుండా తెస్తే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. తెగుళ్ళ భయం నిజమైనదే కాబట్టి ఆ నిబంధనని తప్పు పట్టలేం. పైగా ఊళ్ళో మాత్రం ఆ గింజ ఇంకా ఉందన్న నమ్మకం ఏమిటి? అక్కడా ఇప్పుడు కొట్లో ప్యాకెట్లే. ఇక్కడ ఒక పెరట్లో కాస్తున్నదే ఆ రకానికి ఆఖరి పాదు కావచ్చు.

విత్తనం దాచాలంటే కొంచెం తెలుసుకోవాలి కూడా. చిక్కుడు, టమాటా తమలో తామే సంపర్కం చేసుకుంటాయి కాబట్టి చాలావరకు తల్లి పోలికే వస్తుంది. మొదలుపెట్టేవాళ్ళకి ఇవి మంచివి. సొర, బీర, దోసల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పురుగులు పుప్పొడి మోస్తాయి. బీర పక్కన నేతిబీర ఉంటే రెండూ కలిసిపోవచ్చు. అందుకని విత్తనానికి ఉంచే కాయ కోసం, ఆడపిందెని విచ్చుకోకముందే పల్చటి గుడ్డతో కప్పి, అదే రకం మగపువ్వుని తెచ్చి చేత్తో అద్ది, మళ్ళీ కప్పి, గుర్తుగా దారం కట్టాలి. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కాబట్టి ఆ పని పొద్దుగూకేటప్పుడే చెయ్యాలి. సొర, బీర కాయలైతే పూర్తిగా ఎండాకే కొయ్యాలి. గింజలు నీడన ఆరబెట్టి, తడి తగలని చోట పెట్టాలి.

ఆ తరవాత కవరు మీద నాలుగు ముక్కలు రాయాలి. ఉదాహరణకి ఇలా: "బీర. జానెడు కాయ, గీతలు లోతు, చేదు రాదు. బాపట్ల దగ్గర మా పెద్దమ్మ పెరట్లోది. అంతకుముందు ఆమె పుట్టింటి నుంచి. ఆరేళ్ళుగా ఒహాయోలో వేస్తున్నాం. మే ఆఖరున నాటితే ఆగస్టులో కాపు." దీనికి రెండు నిమిషాలు పడుతుంది. రాయడానికి తెలియని సంగతులుంటే ఊరికి ఫోన్ చేసి అడగాలి. పెద్దమ్మకి ఆ గింజ ఎవరిచ్చారో పెద్దమ్మకే తెలుసు. ఆమె పెరట్లో పాదు ఇవాళ లేకపోయినా ఆ జవాబు ఆమె దగ్గర ఇంకా ఉంది. అక్టోబర్‌లో తీగలు పీకేసే ముందు, ఎండిన కాయలు పగలగొట్టేటప్పుడు, ఆ ఫోన్ ఒకటి చేస్తే బాగుంటుంది.